బేతాళుడు మళ్ళీ చెట్టెక్కాడు

కాఫీ ఫిల్టరులోంచి మొదట దిగిన డికాషనుకీ, అదే పొడిమీద మళ్ళీ మరుగునీళ్ళు పోస్తే దిగే రెండో డికాషనుకీ ఉన్న తేడా ఇల్లాళ్ళకి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. మొదటిది అయ్యగారికీ, చెప్పాపెట్టకుండా దిగిన వియ్యాలవారికీను. రెండోది మనకి. ఫలానా కథకి రెండో భాగం వస్తోందట అనగానే చాలామంది పెదవి విరిచేది కూడా ఇందుకే. పొడి పాతదే, నీళ్ళు మాత్రమే కొత్తవి అని వాళ్ళ అనుమానం.

ఈ అనుమానం కథల్నే కాక ఆటల్ని కూడా అంటుకుంది. ఈ కాలం పిల్లలు కంప్యూటరు మీద ఆడే ఆటల్లో చిక్కుముడి ఆటలని ఒక తెగ ఉంది. వాటిలో తుపాకులూ కత్తులూ ఉండవు. ఒక ఊళ్ళో ఒక మనిషి మాయమవుతాడు. వెతకడానికి వెళ్ళిన డిటెక్టివుకి ఆ ఊరివాళ్ళు తిన్నగా ఒక్క మాట చెప్పరు. ఒక్కొక్కరూ ఒక్కో పొడుపుకథ వేస్తారు. అది విప్పితేగాని నోరు విప్పరు. 2010లో అమెరికాలో 'పజిల్ ఏజెంట్' అని ఇలాంటి ఆటే ఒకటి వచ్చింది. పెన్సిలు గీతలు చెరిపే రబ్బర్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఉన్న ఒక మంచు ఊరు. అక్కడ ఫోర్‌మన్ మాయం. ఆట అయిపోయింది గాని మనిషి దొరకలేదు. ఆ మరుసటి ఏడే, 2011లో, రెండో భాగం తెచ్చారు. అదే ఊరు, అదే డిటెక్టివు. ఆడినవాళ్ళు రెండు జట్లయ్యారు. మిగిలిపోయిన ముడి విడింది, అంతే చాలునన్నది ఒక జట్టు. చిక్కుప్రశ్నలన్నీ పాతవాటికి తోబుట్టువుల్లా ఉన్నాయి, పైగా ప్రతిదీ విడమరిచి చెప్పేసరికి మొదటి భాగంలోని బెదురూ గమ్మత్తూ కాస్తా పోయాయి అన్నది రెండో జట్టు.

ఈ తగాదా వాళ్ళకి కొత్తేమో గాని మనకి కాదు. కంప్యూటరనే మాటైనా వినకముందే, తెనాలివారి పుణ్యమా అని, ఇంచుమించు అరవై ఏళ్ళపాటు నెలనెలా మన కృష్ణా డెల్టా ఇళ్ళల్లో ఈ ఆట జరిగింది. మాయ ఉంది, భయం ఉంది, చిక్కుప్రశ్న ఉంది, రెండో భాగం ఉంది, రెండు జట్లూ ఉన్నాయి. దాని పేరు బేతాళ కథలు. అసలు పుస్తకంలో ఉన్నవి పాతిక. రెండో భాగంగా వచ్చినవి కొన్ని వందలు!

ముందుగా ఆ మొదటి పాతిక ఎక్కడివో చూద్దాం.

ఒకానొక కాలంలో గుణాఢ్యుడనే ఆయన పైశాచీ భాషలో బృహత్కథ అనే పెద్ద కథల పుస్తకం రాశాడంటారు. మన కృష్ణాతీరాన్ని కూడా ఏలిన శాతవాహనుల కొలువులో ఆయన ఉండేవాడనీ, రాజు ఆ పుస్తకాన్ని ఆదరించలేదన్న దుఃఖంతో అడవిలో కూర్చుని పశుపక్ష్యాదులకి చదివి వినిపిస్తూ ఒక్కొక్క పత్రమే నిప్పులో వేశాడనీ, ఏడు లక్షల శ్లోకాల్లో ఒక్క లక్ష మాత్రం దక్కిందనీ ఐతిహ్యం. ఆ దక్కిన పుస్తకం కూడా ఇవాళ లేదు. దాన్ని అనుసరించి 11వ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు సంస్కృతంలో కథాసరిత్సాగరం రాశాడు. ఎవరికోసం రాశాడో తెలుసా? అనంత మహారాజు భార్య సూర్యమతీదేవి కోసం. రాణిగారి మనసుకి కాస్త ఊరట కలగాలని. అంటే సోమదేవుడి బేతాళుడు ప్రశ్నలు వేసింది ఒక ఇల్లాలి చెవిన పడాలనే. ఈ సంగతి మాత్రం జ్ఞాపకం ఉంచుకోండి, ముందుముందు పనికొస్తుంది.

సోమదేవుడి పుస్తకంలో రాజుగారి పేరు త్రివిక్రమసేనుడు. ఆయనది ఉజ్జయిని కాదు. ఆయన ఊరు గోదావరి ఒడ్డున ఉన్న ప్రతిష్ఠానం, శాతవాహనుల రాజధాని. ఉత్తరోత్తరా జనం నోట పడి ఆయన విక్రమార్కుడయ్యాడు. క్షాంతిశీలుడనే బిక్షువు రోజూ కొలువుకి వచ్చి రాజుకి ఒక పండు ఇచ్చి పోతూ ఉంటాడు. రాజు దాన్ని కోశాధికారి చేతిలో పెట్టేస్తూ ఉంటాడు. ఏళ్ళు గడిచాక ఒకరోజు పెంపుడు కోతి ఆ పండు కొరికితే లోపలినుంచి రత్నం ఊడిపడుతుంది. అన్నేళ్ళ రత్నాలకీ బదులుగా బిక్షువు అడిగినదల్లా ఒక్కటే: ఒక రాత్రి శ్మశానం చివర చెట్టుకి వేలాడే శవాన్ని మోసుకొచ్చి తనకి ఇవ్వాలి.

ఆట నియమాలు రెండే. దారిలో రాజు నోరెత్తకూడదు. ఎత్తితే శవంతో సహా బేతాళుడు మళ్ళీ చెట్టెక్కుతాడు. దారి పొడుగునా బేతాళుడు కథ చెప్పి చివర ఒక ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసి కూడా చెప్పకపోతే రాజు తల వేయి చెక్కలవుతుంది.

చెబితే పని చెడుతుంది, చెప్పకపోతే తల పగులుతుంది. ఈ పరిస్థితి మహారాజులకి వింతగా ఉండొచ్చు గాని, ఉమ్మడి కుటుంబంలో కాపురం చేసిన ఏ కోడలికీ వింత కాదు. అత్తగారూ ఆడబిడ్డా ఏదో మాట పట్టింపు మీద వాదించుకుని, చివరికి వంటింట్లోకి తొంగిచూసి, "నువ్వు చెప్పవే అమ్మాయ్, ఎవరిది న్యాయం?" అంటారు. జవాబు కోడలికి తెలుసు. చెబితే మర్నాటినుంచీ ఒకరు మాట్లాడరు. చెప్పకపోతే "మూగిదెయ్యం, మనసులో ఏముందో పైకి చెప్పదు" అంటారు. విక్రమార్కుడి కష్టాన్ని చదివి మగపిల్లలు ఆయన ధైర్యానికి మురిసిపోతే, ఆడవాళ్ళు మాత్రం "పాపం!" అన్నారంటే కారణం ఇదే అయి ఉంటుంది.

ఇక ఆ ప్రశ్నలు. ఎంత చిత్రంగా ఉంటాయో చూడండి. ఒక రాజుకి ముగ్గురు రాణులు, ముగ్గురూ అతి సుకుమారులు. ఒకామె చెవిలోంచి కలువపువ్వు జారి ఒడిలో పడితే అక్కడ గాయమైంది. ఒకామెకి వెన్నెల తగిలి ఒళ్ళు బొబ్బలెక్కింది. మూడో ఆమె ఎక్కడో ఎవరో వడ్లు దంచుతుంటే రోకటిపోటు చప్పుడు విన్నది. అంతే, ఆమె అరచేతులు కందిపోయాయి. ముగ్గురిలో ఎవరు ఎక్కువ సుకుమారి? ఏ వస్తువూ తగలకుండానే దెబ్బ తగిలింది కాబట్టి మూడో రాణే అన్నాడు రాజు. జవాబు తర్కానికి బాగానే ఉంది. వరిపొలాల నడుమ పుట్టి, తెల్లవారుజామున లేచి దంపుళ్ళపాట పాడుకుంటూ పుట్లకొద్దీ వడ్లు దంచిన మన అమ్మమ్మలు ఆ రాణిగారి గురించి ఏమనుకుని ఉంటారో మాత్రం సోమదేవుడికి తట్టి ఉండదు.

అన్నిటికన్నా ముందొచ్చే కథలో పజిలు వేసినది ఒక ఆడపిల్ల. కొలను దగ్గర రాజకుమారుణ్ణి చూసింది. పలకరించలేదు. తామరపువ్వు తీసి చెవికి పెట్టుకుంది. దాన్ని దంతపు కమ్మలా చుట్టింది. ఇంకో తామర తలమీద ఉంచుకుంది. గుండెమీద చెయ్యి వేసుకుని వెళ్ళిపోయింది. రాజకుమారుడికి విరహం తప్ప మరేమీ అర్థం కాలేదు. విప్పింది పక్కనున్న మంత్రికొడుకు. చెవికి కలువ అంటే కర్ణోత్పలుడి రాజ్యం. దంతపు కమ్మ అంటే దంతపుపని చేసేవాడి ఇల్లు. తలమీద పద్మం అంటే ఆమె పేరు పద్మావతి. గుండెమీద చెయ్యి అంటే మనసు నీదే. ఊరు, ఇల్లు, పేరు, సమ్మతి అన్నీ నాలుగు సైగల్లో! ఈ కాలం ఆటలు తయారుచేసేవాళ్ళు నేర్చుకోవలసిన పనితనం ఇది.

రాజుగారి తీర్పులన్నీ ఇంత సరదాగా ఉండవు. మూడో కథలో ఒక చిలుకా ఒక గోరింకా పోట్లాడుకుంటాయి. మగవాళ్ళు దుర్మార్గులని గోరింక, ఆడవాళ్ళు దుర్మార్గులని చిలుక. ఒక్కొక్కటీ ఒక్కో కథ చెప్పింది. గోరింక చెప్పిన కథలో జూదగాడైన భర్త నగలకోసం కట్టుకున్న భార్యని లోయలోకి తోసేస్తాడు. ఆమె బతికి వచ్చి అతన్ని క్షమిస్తుంది. వాడు మళ్ళీ ఆమె నిద్రలో ఉండగా చంపి నగలు పట్టుకుపోతాడు. ఇది విన్న తర్వాత కూడా రాజుగారు ఏం తీర్పు చెప్పారయ్యా అంటే, ఆడవాళ్ళే దుర్మార్గులు, మగవాళ్ళలో అలాంటివాడు ఎక్కడో ఎప్పుడో ఒకడుంటాడు అని. సూర్యమతీదేవి ఆ పూట ఏమనుకుందో ఏ పుస్తకంలోనూ లేదు. పైకి ఏమీ అని ఉండదు. రాణి అయినా ఇల్లాలే కదా!

ఇక అందరికీ తెలిసిన తలల కథ. మదనసుందరి భర్తా, ఆమె అన్నా అమ్మవారి గుడిలో తలలు నరుక్కుంటారు. తానూ చచ్చిపోబోతున్న మదనసుందరికి అమ్మవారు ప్రత్యక్షమై, తలలు మొండేలకి అతికించు, బతుకుతారు అంటుంది. ఆ తొందరలో, ఆ సంతోషంలో, ఆమె భర్త తల అన్న మొండేనికీ, అన్న తల భర్త మొండేనికీ పెట్టేసింది. ఇద్దరూ లేచి కూర్చున్నారు. ఇప్పుడు ఎవడు భర్త? అవయవాల్లో తల ప్రధానం కాబట్టి, భర్త తల ఉన్నవాడే భర్త అన్నాడు రాజు. ఈ ఒక్క ప్రశ్న ప్రపంచమంతా తిరిగింది. అందులో అన్నను స్నేహితుడిగా మార్చి 1940లో జర్మన్ రచయిత థామస్ మాన్ ఒక చిన్న నవల రాశాడు. 1971లో కన్నడంలో గిరీశ్ కర్నాడ్ 'హయవదన' నాటకం రాశాడు. ఇద్దరూ రాజుగారి జవాబు దగ్గర ఆగలేదు. అసలు కథంతా ఆ జవాబు తర్వాతే మొదలవుతుందన్నారు. తల ఆమె మొగుడిదే, సరే. కాని రోజులు గడిచేకొద్దీ ఆ ఇంట్లో ఏం జరుగుతుంది? ఆమె మనసు ఎటు పోతుంది? బేతాళుడు అడగని ప్రశ్న అది. ఆ ఇద్దరూ రాసినవి కూడా ఒకరకంగా రెండో భాగాలే.

అన్నట్టు, కథాసరిత్సాగరం నుంచి మన తెనాలికి దారి ఎలా పడిందో చెప్పలేదు కదూ!

విక్రమార్కుడు తెలుగువాళ్ళకి పాత చుట్టమే. 15వ శతాబ్దంలోనే జక్కన విక్రమార్క చరిత్రమూ, కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికా పద్యాల్లో రాశారు. తర్వాత భట్టి విక్రమార్క కథలు చిన్న పుస్తకాలుగా అచ్చయి తిరునాళ్ళలో అమ్ముడుపోయాయి. పక్క గోదావరి సీమలో మధిర సుబ్బన్న దీక్షితులుగారు కాశీమజిలీ కథలు పన్నెండు భాగాలు రాశారు. అందులోనూ ఆట ఇదే. ప్రతి మజిలీలోనూ గోపకుమారుడు ఊరిమీదపడి ఏదో ఒక వింత చూసి వచ్చి, దీని సంగతేమిటో చెబితేగాని కదలనంటాడు. మణిసిద్ధుడు కథ చెబుతాడు. చదివేవాళ్ళకీ కొదవ లేదు. 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశపు గ్రంథాలయాల తొలి మహాసభ జరిగింది. 1935లో పాతూరి నాగభూషణంగారి పూనికతో కొల్లూరు, పెదవడ్లపూడి నడుమ కాలువమీద పడవలోనే గ్రంథాలయం నడిచింది. పంటకాలువ నీళ్ళతోపాటు పుస్తకాలు కూడా ఊళ్ళల్లోకి పారిన సీమ ఇది.

అలాంటి సీమనుంచి ఇద్దరు మనుషులు మద్రాసు చేరారు. ఒకరు ఆలూరి వెంకట సుబ్బారావు, అంటే చక్రపాణి. మదనపల్లె క్షయ ఆస్పత్రిలో మంచానపడి ఉండగా బెంగాలీ నేర్చుకుని, శరత్‌బాబుని తెలుగువాళ్ళ వంటింట్లోకి తెచ్చిన మనిషి. రెండోవారు 1909లో తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు. బి. నాగిరెడ్డిగారితో కలిసి చక్రపాణి 1947 జూలైలో చందమామ మొదలుపెట్టారు. 1952లో కుటుంబరావు వచ్చి చేరారు. పత్రికమీద సంపాదకుడిగా చక్రపాణి పేరే ఉండేది. కూర్చుని కథలన్నిటినీ చందమామ తెలుగులోకి దిద్దింది, 1980లో పోయేదాకా, కుటుంబరావుగారు. ఆ తెలుగు మన కృష్ణా గుంటూరు జిల్లాల ఇళ్ళల్లో మాట్లాడుకునే తెలుగే, కాస్త తలదువ్వి బొట్టుపెట్టినట్టు ఉంటుంది.

1955 ప్రాంతంలో చందమామలో బేతాళుడు చెట్టెక్కాడు. నెలకొక కథ. రెండేళ్ళు గడిచేసరికి అసలు పుస్తకంలో ఉన్న పాతికా అయిపోవస్తాయి. ఏ పత్రికైనా అక్కడ 'సమాప్తం' వేసి ఇంకో సీరియల్ అందుకుంటుంది. చందమామ వెయ్యలేదు. రాజుని మళ్ళీ చెట్టు దగ్గరికి పంపింది. పాత కథలు అయిపోతే కొత్తవి పుట్టించింది. పాఠకులు పంపిన కథల్లో చిక్కు ఉన్నదాన్ని ఏరి, దానికి ముందు శ్మశానమూ వెనక ప్రశ్నా చేర్చి బేతాళుడి నోట పెట్టేవారు. కథ చదివిన అమ్మాయే రేపు కథ పంపవచ్చు! ఆటగాళ్ళే ఆట తయారుచేయడమంటే ఇదే మరి. వసుంధర అన్న ఒక్క పేరుతో జొన్నలగడ్డ రాజగోపాలరావు, రామలక్ష్మి దంపతులు ఆ పత్రికకి కొన్ని వందల కథలు రాశారు. ఆ ఒక్క పేరు వెనక ఒక ఇల్లాలు కూడా ఉన్నదని చాలామంది పాఠకులకి తెలియనే తెలియదు.

ఇంకో తమాషా ఉంది. కుటుంబరావుగారు హేతువాది, మార్క్సిస్టు. దయ్యాలంటే నమ్మకం లేని మనిషి పాతికేళ్ళపాటు నెలనెలా ఒక దయ్యానికి మాటలు కూర్చారు. బహుశా అందుకే కాబోలు, మన బేతాళుడు పీక పిసకడు, రక్తం తాగడు. లా పాయింటు లాగే ప్లీడరులా మాట్లాడతాడు.

కొత్త కథలు వచ్చాక చదువరులు రెండు జట్లు కాకుండా ఎలా ఉంటారు? పాతవే గొప్పవనే జట్టుకి బలమైన వాదనే ఉంది. పాత కథల్లో మాయ ఉంది, మోహం ఉంది, చావు ఉంది, చితిమీద బూడిదలో పడుకున్న ప్రేమికుడున్నాడు. కొత్త కథల్లో ధర్మబుద్ధిగల రాజులూ, తెలివైన మంత్రులూ, బుద్ధి తెచ్చుకునే జమీందారులూ ఉంటారు. పిల్లల పత్రిక కాబట్టి ఉప్పూకారం తగ్గించి వండారు; పథ్యం వంటలా ఉందంటారు వాళ్ళు. ఇంకొక ఫిర్యాదు: కొన్ని ప్రశ్నలు ప్రశ్నలే కావు, రాజుగారి జవాబుకోసం తెచ్చిపెట్టుకున్నవి. అందులోనూ నిజం లేకపోలేదు. నెలనెలా తప్పనిసరిగా పెట్టే పిండివంటలో ఒక్కోసారి పాకం కుదరదు.

కాని, జాగ్రత్తగా చూస్తే రెండో భాగంలో ఒక కొత్త సంగతి జరిగింది. పాత బేతాళుడు ఎక్కువగా అడిగినది 'ఎవరు?' అని. ముగ్గురిలో ఎవరు భర్త, నలుగురిలో ఎవరు గొప్ప, ఇద్దరిలో ఎవరు దుర్మార్గులు. అది కచేరీ ప్రశ్న. ఒకరికి డిక్రీ, మిగతావాళ్ళకి ఖర్చులు. చందమామ బేతాళుడు ఎక్కువగా అడిగినది 'ఎందుకు?' అని. ఇస్తామన్న రాజ్యాన్ని ఆ యువకుడు ఎందుకు కాదన్నాడు? అందగాణ్ణి, ధనవంతుణ్ణి వదిలి ఆ పిల్ల బీదవాణ్ణే ఎందుకు కోరుకుంది? నిన్నటిదాకా అప్పు పుట్టని మనిషి ఇవాళ దొరికిన మూటని ఎందుకు తిరిగి ఇచ్చేశాడు? పైకి చూస్తే తెలివితక్కువగా కనిపించే పని వెనక ఏదో మనసు ఉంటుంది, దాన్ని కనిపెట్టు అంటాడు.

ఇది ఇంటి ప్రశ్న. 'ఎవరిది తప్పు?' అన్నది బజారువాళ్ళు అడుగుతారు. 'వాడలా ఎందుకు చేశాడు?' అన్నది తల్లి అడుగుతుంది. మూడు రోజులుగా పిల్ల అన్నం సరిగా తినకపోతే ఎందుకు? ఎప్పుడూ లేనిది ఆయన ఇవాళ కూరలో ఉప్పు లేదని కూడా అనకుండా తిని లేచిపోయారేం? పుట్టింటినుంచి వచ్చిన ఉత్తరం మామూలుకన్నా చిన్నగా ఉందేం? ఆధారాలు నాలుగే ఉంటాయి, అవీ పద్మావతి సైగల్లాంటివి. వాటినిబట్టి మనసు కనిపెట్టాలి. ఈ విద్యకి డిగ్రీ ఎవరూ ఇవ్వరు గాని, ఇల్లు నడిచేది దానిమీదే. రెండో డికాషనని తీసిపారేసిన కథల్లో చందమామ చేసిన పని ఇది. తీర్పు చెప్పే ఆటని అర్థం చేసుకునే ఆటగా మార్చింది. చిలకా గోరింకల కథలో ఏకంగా ఆడజాతి మొత్తానికి శిక్ష వేసిన రాజు ఇక్కడ 'ఎందుకు' అన్నదానికి జవాబు వెతకవలసి వచ్చింది. వెతికేవాడు అంత తొందరగా శిక్ష వెయ్యలేడు.

ఆ ఆట ఎలా ఆడేవారో మీకు నేను చెప్పాలా? ప్రశ్న దగ్గరికి రాగానే కింద జవాబుని అరచేత్తో మూసెయ్యడం, ఇంట్లో అందరూ తలా ఒక మాట చెప్పడం, చెయ్యి తీశాక రాజుతో సరిపోయినవాళ్ళు ఎగరడం, సరిపోనివాళ్ళు "రాజు చెప్పినంతమాత్రాన అయిపోయిందా?" అనడం. ఈ చివరి మాటే చాలా విలువైనది. అచ్చులో ఉన్న జవాబుని, అదీ ఒక మహారాజు జవాబుని, ఒప్పుకోనని ఒక పదేళ్ళ పిల్ల వాదించడానికి మన ఇళ్ళల్లో అంతకు ముందు ఎన్ని సందర్భాలున్నాయి చెప్పండి! బళ్ళో పంతులుగారి జవాబే జవాబు; ఇంట్లో నాన్నగారి మాటే మాట. బేతాళుడి ప్రశ్నకి మాత్రం ఎవరి జవాబు వారిది. తమాషా ఏమిటంటే, బేతాళుడికి కూడా రాజుగారి జవాబు ఒప్పా తప్పా అన్నదానితో పనిలేదు. ఆయన నోరు తెరిచాడా లేదా అన్నదే లెక్క.

1985లో రామానంద్ సాగర్ దూరదర్శన్‌లో 'విక్రమ్ ఔర్ బేతాళ్' చూపించినప్పుడు హిందీ రాని ఇళ్ళల్లో కూడా కథ అర్థమైంది. అర్థం కాకపోవడానికేముంది, బొమ్మ మనసులో ఉన్నదే. కత్తి చేతబట్టి, శవాన్ని భుజాన వేసుకుని నడిచే రాజు బొమ్మని చందమామలో ఏళ్ళ తరబడి వేసినవారు శంకర్, అసలు పేరు కె.సి. శివశంకరన్. 2020లో 96వ ఏట ఆయన పోయారు. మరుసటి ఏడు ఆయన పేర పద్మశ్రీ ప్రకటించారు. పత్రిక ఆయనకన్నా ముందే పోయింది. చేతులు మారి, ఆగి, మళ్ళీ లేచి, 2013 నాటికి అచ్చు పూర్తిగా ఆగిపోయింది. ముగింపు కథ ఒకటి రాసి ఆటని పూర్తిచేసే వ్యవధి బేతాళుడికి దొరకలేదు. ఆ ప్రకారం చూస్తే శవం ఇప్పటికీ చెట్టుమీదే ఉంది.

అసలు పుస్తకంలో మాత్రం ముగింపు ఉంది. చివరి ప్రశ్న ఇది: ఒక తండ్రీ కొడుకూ అడవిలో రెండు జతల అడుగుజాడలు చూసి, పెద్ద పాదాలావిడని తండ్రీ, చిన్న పాదాలావిడని కొడుకూ పెళ్ళాడాలని ఒప్పందం చేసుకున్నారు. తీరా చూస్తే పెద్ద పాదాలావిడ కూతురు, చిన్న పాదాలావిడ తల్లి. మాట తప్పకూడదని ఆ ప్రకారమే పెళ్ళిళ్ళయ్యాయి. వాళ్ళకి పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు? చుట్టరికాలు వేలిమీద లెక్కపెట్టే మన పెద్దమ్మలు పూనుకుంటే ఏమైనా తేలుస్తారేమో గాని, రాజుగారికి తేలలేదు. ఏమీ అనకుండా నడుస్తూనే ఉన్నాడు. తెలిసి ఊరుకుంటే తల పగలాలి గాని, నిజంగా తెలియక ఊరుకుంటే ఏమీ కాదు. ఆ మౌనంతో దారి పూర్తయింది. మెచ్చుకున్న బేతాళుడు బిక్షువు పన్నాగం బయటపెట్టాడు. సాష్టాంగపడమంటాడు, ఎలాగో నువ్వే చూపించమని అడుగు, వాడు వంగగానే తల తీసెయ్యి అన్నాడు. రాజు అలాగే చేసి బతికాడు.

అంటే, ఇరవై మూడు తెలివైన జవాబులు ఆ మహారాజుని మళ్ళీమళ్ళీ చెట్టు దగ్గరికి తోలాయి. తెలియదని తెలుసుకున్న ఒక్క క్షణం గమ్యానికి చేర్చింది. చందమామ విక్రమార్కుడికి ఆ అదృష్టం పట్టలేదు. వందలకొద్దీ ప్రశ్నలడిగినా ప్రతిదానికీ ఆయన దగ్గర జవాబు సిద్ధం. 'ఏమో' అన్న మాట ఒక్కనాడూ తట్టలేదు. అన్నీ తెలిసిన మగవారితో కాపురం చేస్తున్న ఇల్లాళ్ళకి ఈ నడక ఎందుకు తెమలదో విడమరిచి చెప్పనక్కర్లేదనుకుంటాను.

లెనిన్ సెంటరు పాతపుస్తకాల షాపుల్లో ఎక్కడైనా అట్ట చిరిగిన చందమామ కనబడితే తెచ్చుకోండి. బేతాళ కథ తీసి, ప్రశ్న దాకా చదివి, జవాబుమీద చెయ్యి పెట్టి పిల్లల్ని అడగండి. వాళ్ళు చెప్పేది విన్నాక మీ మాట మీరూ చెప్పండి. ఇక్కడ జవాబు చెబితే తల పగలదు, చెప్పకపోయినా పగలదు. చెయ్యి తీసి రాజుగారి జవాబు చూడాలో వద్దో మీ ఇష్టం.